ఫెయిర్‌బ్యాంక్స్ చలికాలం: ఫీల్డ్‌వర్క్ చేస్తూనే సరదాలు, స్నేహాలు నిలుపుకోవడం ఎలా

అలాస్కా నడిమధ్యన ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్‌లో మంచు మీద, గడ్డకట్టిన నేల మీద, గాలి మీద పరిశోధన చేసేవాళ్ళకి చలికాలమే అసలు పని కాలం. గడ్డకట్టిన నదుల మీదుగా స్నోమెషీన్ (మంచు మీద నడిచే మోటారు బండి) నడుపుకుంటూ పరికరాల దగ్గరికి వెళ్ళాలి. మంచులో గుంట తవ్వి లోతు, బరువు, ఉష్ణోగ్రత పొరపొరకీ కొలవాలి. కొలతలను తనంతట తానే నమోదు చేసే డేటా లాగర్ ఆగిపోతే దానికి బ్యాటరీ మార్చాలి. ఇదంతా మైనస్ 20లోనో, మైనస్ 30లోనో చేయాలి. ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే ఇస్తున్నాను. స్థానికులు ఫారెన్‌హీట్‌లో మాట్లాడతారు, మైనస్ 40 దగ్గర మాత్రం రెండు లెక్కలూ ఒకటే అవుతాయి.

చదువుకో, ఉద్యోగానికో ఇక్కడికి వచ్చిన మనవాళ్ళు నవంబర్‌లో హుషారుగానే ఉంటారు. జనవరికల్లా పని, నిద్ర, మళ్ళీ పని అన్నట్టు తయారవుతుంది. వయొలిన్ పెట్టె మూత తెరుచుకోదు, పిలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళబుద్ధి కాదు. దీన్ని బద్ధకం అనుకుని తమను తాము తిట్టుకుంటారు. నేను అలా అనుకోను. టైం మిగిలితే చూద్దామని వదిలేస్తే ఈ ఊళ్ళో చలికాలమంతా టైం మిగలదు. సరదాలను, మనుషులను కూడా ఫీల్డ్ ప్లాన్ ఉన్న క్యాలెండర్‌లోనే ముందుగా రాసుకోవాలి. ఎలా రాసుకోవాలో ఒక్కో అడుగుగా చెప్తాను.

1. వెలుతురు లెక్క వేసుకోండి

ఫెయిర్‌బ్యాంక్స్ దాదాపు 65 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ 21న సూర్యుడు ఉదయం 11 ప్రాంతంలో వచ్చి మధ్యాహ్నం 2:40కి వెళ్ళిపోతాడు. పగలు మొత్తం 3 గంటల 41 నిమిషాలు. సంక్రాంతి నాటికి సుమారు 5 గంటలు, ఫిబ్రవరి మొదట్లో దాదాపు 7 గంటలు. అప్పటి నుంచి పగలు రోజుకు ఆరేడు నిమిషాల చొప్పున పెరుగుతూ మార్చి 20 ప్రాంతానికి 12 గంటలు అవుతుంది.

ఈ అంకెలను గోడ క్యాలెండర్‌లో ప్రతి వారం పక్కన రాసుకోండి. అప్పుడు ఒక విషయం కంటికి కనిపిస్తుంది. పెద్ద ఫీల్డ్ ట్రిప్పులు సాధారణంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో పడతాయి. ఎందుకంటే అప్పటికి మంచు నిండుగా ఉంటుంది, వెలుతురు ఉంటుంది, చలి కాస్త తగ్గుతుంది. డిసెంబర్, జనవరిలో చీకటి ఎక్కువ కాబట్టి బయట పని చిన్న చిన్న ముక్కలుగానే జరుగుతుంది. మనుషులతో పరిచయాలు పెంచుకోవాల్సింది, కొత్త హాబీ మొదలుపెట్టాల్సింది ఆ చీకటి నెలల్లోనే. వెలుతురు వచ్చాక కలుద్దాం అని వాయిదా వేస్తే మార్చిలో మీరు ఊళ్ళోనే ఉండరు.

కాబట్టి సీజన్‌ని రెండుగా చూడండి. నవంబర్ నుంచి జనవరి దాకా మనుషుల కోసం, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పని కోసం. మొదటి భాగంలో వేసిన పునాది మీదే రెండో భాగం నిలబడుతుంది.

2. ఒక ఫీల్డ్ రోజు అసలు పొడవు కొలవండి

ప్లాన్‌లో "ఫీల్డ్: 11 నుంచి 3" అని ఉంటుంది. నిజానికి ఆ రోజు ముందు రాత్రే మొదలవుతుంది. కారు ఇంజన్‌కి బ్లాక్ హీటర్ ఉంటుంది, దాన్ని కరెంటు ప్లగ్‌కి పెట్టాలి. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెడితే చాలు, రాత్రంతా కరెంటు కాల్చక్కర్లేదు. పొద్దున్నే స్లెడ్ మీద సామాను కట్టడం, స్నోమెషీన్ వేడెక్కించడం, థర్మోస్‌లు నింపడం. ఫీల్డ్‌లో వేళ్ళన్నీ ఒకే అరలో ఉండే మందపాటి చేతి తొడుగులు, అంటే మిటెన్స్‌తో చేసే ప్రతి పనీ నెమ్మదిగానే నడుస్తుంది. స్క్రూ తిప్పడానికి మిటెన్ తీయాలి, వేళ్ళు మొద్దుబారకముందే మళ్ళీ తొడగాలి, కాసేపు చేతులు చంకల్లో పెట్టుకోవాలి.

తిరిగొచ్చాక ఉన్న పనిని ఎవరూ లెక్కలో వేయరు. బూట్ల లోపలి లైనర్లు బయటికి తీసి ఆరబెట్టాలి. గ్లవ్స్, టోపీ, చెమట పట్టిన థర్మల్స్ తాడు మీద వేయాలి. స్టవ్‌కి మరీ దగ్గరగా పెడితే లైనర్లు పాడవుతాయి. బ్యాటరీలు ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాకే చార్జింగ్ పెట్టాలి. లిథియం అయాన్ బ్యాటరీని సున్నా కంటే తక్కువలో చార్జ్ చేస్తే లోపల లోహపు పూత పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. డేటా కాపీ చేయాలి, నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి పెట్టుకోవాలి. నాలుగు గంటల వెలుతురు కోసం పన్నెండు గంటలు పోతాయి.

క్యాలెండర్‌లో ఆ పన్నెండు గంటలకూ రంగు వేయండి. ఆ సాయంత్రాన్ని నేను "ఆరబెట్టే పూట" అంటాను. ఆ పూట ఏ క్లాసూ, ఏ విందూ పెట్టుకోవద్దు. మీతో ఫీల్డ్‌కి వచ్చినవాళ్ళతో కలిసి వేడివేడి చారు అన్నం తినడం ఒక్కటే దానికి సరిపోయే సరదా.

ఇంతకంటే ముఖ్యమైన కారణం ఇంకోటి ఉంది. సాయంత్రం ఆరింటికి ఎవరింటికో వస్తానని మాటిచ్చి ఉంటే మూడింటికల్లా మనసులో తొందర మొదలవుతుంది. ఆ తొందరలోనే కొత్త దారిలో నది దాటేద్దాం అనిపిస్తుంది. ఇక్కడి నదుల మీద "ఓవర్‌ఫ్లో" అని ఒకటి ఉంటుంది. గట్టి ఐస్ మీదికి కింది నీళ్ళు ఉబికి వచ్చి, పైన ఉన్న మంచు పొర కింద దాక్కుంటాయి. చూడ్డానికి తెల్లగా మామూలుగానే కనిపిస్తుంది. మైనస్ 30లో మోకాళ్ళ దాకా తడిస్తే కాలి వేళ్ళకే ప్రమాదం, స్నోమెషీన్ అక్కడే గడ్డకట్టి ఇరుక్కుపోతుంది. అందుకే నా నియమం గట్టిది. ఫీల్డ్ రోజున ఆలస్యమైతే చెడిపోయే మాట ఎవరికీ ఇవ్వకూడదు. "వీలైతే వస్తాను, నా కోసం ఆగకండి" అన్నంత వరకే.

3. రద్దు చేసే హద్దు ముందే రాసుకోండి

మీ బృందానికి ఉష్ణోగ్రత హద్దు ఉంటుంది, లేకపోతే అడిగి పెట్టించండి. ఇన్ని డిగ్రీలు దాటితే స్నోమెషీన్ తీయం, ఇన్ని దాటితే ఊరే దాటం అని వెచ్చటి గదిలో కూర్చున్నప్పుడే రాసుకోవాలి. పొద్దున్నే గుమ్మం దగ్గర నిలబడి చర్చిస్తే మొండితనం గెలుస్తుంది. గాలితో కలిసి చలి మైనస్ 40లా తగిలినప్పుడు బయటపెట్టిన చర్మానికి పది నిమిషాల్లోనే ఫ్రాస్ట్‌బైట్ (చలికి చర్మం గడ్డకట్టి దెబ్బతినడం) రావచ్చు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండాలి. చెంప మీదో ముక్కు కొన మీదో తెల్లటి మచ్చ కనిపిస్తే వెంటనే చెప్పాలి, ఎందుకంటే అది వచ్చినవాళ్ళకి తెలియదు.

ఇదే హద్దు సరదాలకీ పెట్టండి. మైనస్ 40 దాటితే శనివారం భోజనం ఫోన్‌లోనే, ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, నొచ్చుకోక్కర్లేదు. అంత చలిలో రాత్రంతా నిలిపిన కారు టైర్లు నేలకి ఆనిన వైపు చదునై, కదిలితే కాసేపు దడదడమంటాయి. రోడ్డు మీద సన్నటి ఐస్ రేణువుల పొగమంచు, అంటే ఐస్ ఫాగ్ కమ్మి ముందు బండి కనిపించదు. ఆ రాత్రి రాకపోవడం మర్యాద తప్పడం కానే కాదు.

అయితే వెంటనే అన్నీ మానుకోకండి. ఫెయిర్‌బ్యాంక్స్ లోయలో ఉంది. గాలి లేని రోజుల్లో బరువైన చల్లగాలి అడుగున పేరుకుంటుంది, చుట్టూ ఉన్న గుట్టల మీద పది డిగ్రీలో ఇంకా ఎక్కువో వెచ్చగా ఉంటుంది. ఊళ్ళో మైనస్ 35 ఉన్నప్పుడు బర్చ్ హిల్ మీద స్కీయింగ్‌కి పనికొచ్చే వాతావరణం ఉండొచ్చు. గుట్ట మీది ఉష్ణోగ్రత చూసుకుని నిర్ణయించండి.

ఫీల్డ్ రద్దయిన రోజుని ఏం చేయాలో కూడా ముందే తెలిసి ఉండాలి. చాలామంది ఆ రోజంతా ఆఫీసు పనితో నింపేసి, రెండ్రోజుల తర్వాత మళ్ళీ ఫీల్డ్‌కి అలసిపోయి వెళ్తారు. మధ్యాహ్నం దాకా డేటా పని చేయండి. తర్వాతి సగం మీది. ఎవరికి ఫోన్ చేయాలి, ఏం వండాలి, ఏ పాట సాధన చేయాలి అన్న చిన్న పట్టీ ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి. చీకటి రోజుల్లో అప్పటికప్పుడు ఆలోచించే ఓపిక ఉండదు, పట్టీ ఉంటే చేసేస్తాం.

4. హాబీ ఎంచుకునేటప్పుడు ఈ మూడు చూడండి

ఒకటి, అది ఫీల్డ్ వాడిన కండరాలనే మళ్ళీ వాడకూడదు. రోజంతా మంచు తవ్వినవాళ్ళకి బరువులెత్తే జిమ్ విశ్రాంతి ఇవ్వదు. రెండు, రెండు వారాలు మాయమైతే ఆ పని ఆగిపోకూడదు. మూడు, కనీసం ఒకటి చేతులు వెచ్చగా ఉండే పని కావాలి. కుట్టుపనీ, మట్టిపాత్రలూ, వాద్యమూ, వంటా ఈ కోవలోవే.

జట్టుగా ఆడేవాటిలో కర్లింగ్‌ని, అంటే ఐస్ మీద బరువైన రాళ్ళను గురి వైపు జార్చే ఆటని, గట్టిగా సిఫార్సు చేస్తాను. ఫెయిర్‌బ్యాంక్స్‌లో పాత కర్లింగ్ క్లబ్ ఉంది. జట్టుకి నలుగురు. ఎవరైనా రాకపోతే ఆడటానికి అదనపు ఆటగాళ్ళు కావాల్సి వస్తుంటారు. పూర్తి సభ్యులుగా కాకుండా అలా అదనపు ఆటగాడిగా పేరిస్తే ఊళ్ళో ఉన్నప్పుడు ఆడొచ్చు, లేనప్పుడు జట్టు మీ మీద ఆధారపడదు. పాట బృందం, నాటకం, డాన్స్ క్లాసులో కూడా ఇలాంటి చోటు ఉందేమో అడగండి. ఫీల్డ్‌లో పనిచేసేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు కాబట్టి ఆ ప్రశ్న ఎవరికీ వింతగా అనిపించదు.

స్కీయింగ్ నేర్చుకోవాలంటే బర్చ్ హిల్‌లో దీపాలు వెలిగే ట్రైల్స్ ఉన్నాయి, యూనివర్సిటీ వెనక కూడా ట్రైల్స్ ఉన్నాయి. క్రాస్ కంట్రీ స్కీ ఫీల్డ్‌లోనూ పనికొస్తుంది. కానీ నేర్చుకునే మొదటి ఏడాది దాన్ని పనితో కలపకండి. దీపాల కింద, కాఫీ దొరికే చోటికి దగ్గరలో, నవ్వుకుంటూ పడటానికి దాన్ని ఉంచుకోండి.

వీణో వయొలినో వెంట తెచ్చుకున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. మైనస్ 30 గాలిలో తేమ దాదాపు ఉండదు. దాన్ని ఇంట్లో వేడిచేస్తే గది ఎడారిలా ఎండిపోతుంది, కర్ర కుంచించుకుని పగుళ్ళిస్తుంది. వాద్యాన్ని పెట్టెలోనే ఉంచండి, పెట్టెలో తేమనిచ్చే చిన్న హ్యూమిడిఫయర్ పెట్టండి, హీటర్ పక్కన ఎప్పుడూ పెట్టకండి. కచేరీకి బయటికి తీసుకెళ్ళి వచ్చాక పెట్టెని వెంటనే తెరవకుండా గంటసేపు గదిలో వదిలేయండి. కెమెరాకీ అంతే. బయటే సంచిలో పెట్టి మూసి, లోపలికి తెచ్చి, వేడెక్కాక తీస్తే లోపల నీటి బొట్లు పట్టవు.

అరోరా (ఉత్తరాన రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగు) ఫోటోల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళ నిద్రను ఎక్కువగా మింగేది అదే. ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ దాకా కనిపిస్తుంది, ఎక్కువగా అర్ధరాత్రికి అటూ ఇటూ. ఆకాశం అంతా ఆకుపచ్చగా కదులుతుంటే పడుకోవడం కష్టమే, నాకు తెలుసు. యూనివర్సిటీలోని జియోఫిజికల్ ఇన్‌స్టిట్యూట్ అరోరా అంచనాలు ఇస్తుంది. మర్నాడు ఫీల్డ్ లేని రాత్రులకు ఆ అంచనాలు చూసి, ఆ రాత్రుల్లోనే వెళ్ళండి. ఫీల్డ్ ముందు రాత్రి అలారం మోగినా లేవొద్దు. ఇక్కడ ఉండేవాళ్ళకి అరోరా మళ్ళీ వస్తుంది.

5. మనుషులు: ఒక స్థిరమైన పూట, ఒక చెక్-ఇన్ మనిషి

రెండు మూడు కుటుంబాలతో, లేదా ఇద్దరు ముగ్గురు స్నేహితులతో వారానికి ఒక పూట స్థిరంగా పెట్టుకోండి. ఫీల్డ్ ట్రిప్పులు తక్కువగా పడే ఆదివారం మధ్యాహ్నం మంచిది. పాట్‌లక్ ఈ ఊరి అలవాటు, ఎవరికి చేతనైంది వాళ్ళు తెస్తారు. మీరు రాకపోయినా ఆ భోజనం జరగాలి. మీరే వండి అందరినీ పిలిచే పద్ధతి పెట్టుకుంటే, ఫీల్డ్ ట్రిప్ ఒక రోజు పెరిగిన ప్రతిసారీ టెన్షన్. ఇంటిని వారానికొకరి చొప్పున మార్చుకోండి.

ఊరి చుట్టుపక్కల నీళ్ళ కుళాయి లేని చిన్న చెక్క ఇళ్ళు చాలా ఉన్నాయి. వాటిని డ్రై క్యాబిన్ అంటారు. అద్దె తక్కువని విద్యార్థులు తీసుకుంటారు. నీళ్ళు డబ్బాల్లో తెచ్చుకోవాలి, స్నానం యూనివర్సిటీలోనో, షవర్లున్న లాండ్రీలోనో. మీకు స్నానాల గది ఉన్న ఇల్లుంటే, ఫీల్డ్ నుంచి వచ్చిన స్నేహితుణ్ణి "అన్నా, స్నానం చేసి భోంచేసి వెళ్ళు" అనండి. ఇక్కడ దానికంటే పెద్ద ఆతిథ్యం లేదు.

తర్వాతిది భద్రతకి సంబంధించినది, కానీ దీన్ని స్నేహం కింద రాస్తున్నాను. ఫీల్డ్‌కి వెళ్ళే ప్రతిసారీ ఊళ్ళో ఒక మనిషికి కాగితం ఇచ్చి వెళ్ళాలి. ఎక్కడికి, ఏ దారిన, ఏ బండిలో, ఎవరెవరు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్నింటి దాకా కబురు లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి. అలాస్కాలో తప్పిపోయినవాళ్ళ గాలింపు పనులు చూసేది స్టేట్ ట్రూపర్స్, అంటే రాష్ట్ర పోలీసులు. ఆఫీసు పెట్టిన చెక్-ఇన్ పద్ధతి ఉన్నా, దానితోపాటు ఒక స్నేహితుణ్ణి అడగండి. రాగానే "వచ్చేశాం" అని వాళ్ళకి ఫోన్ చేయాలి కాబట్టి, ఎంత అలసిపోయిన రోజైనా పనితో సంబంధం లేని ఒక గొంతు వింటారు. వాళ్ళు ట్రిప్‌కి వెళ్ళినప్పుడు మీరు అదే చేయండి.

6. ఇంటికి ఫోన్

చలికాలంలో ఫెయిర్‌బ్యాంక్స్‌కీ మనకీ తేడా 14:30 గంటలు. ఇక్కడ ఉదయం 6:30 అయితే హైదరాబాద్‌లో, విజయవాడలో రాత్రి 9. ఇక్కడ రాత్రి 7:30 అయితే అక్కడ మర్నాడు ఉదయం 10. మార్చి రెండో ఆదివారం నుంచి ఈ తేడా ఒక గంట తగ్గుతుంది. వారంలో రెండు వేళలు ఖాయం చేసుకోండి, ఫీల్డ్ రోజుల పొద్దుట మాత్రం పెట్టుకోకండి. సామాను కడుతూ చెవిలో ఫోన్ పెట్టుకుంటే రెండూ సరిగ్గా జరగవు.

అమ్మానాన్నలకి చెప్పాల్సింది ముందే చెప్పాలి. "మంగళవారం దాకా సిగ్నల్ ఉండదు, మంగళవారం రాత్రి చేస్తాను. బుధవారం కూడా రాకపోతే మా ఆఫీసుకి ఈ నంబర్." ఇలా చెప్తే భయపడతారని చాలామంది దాస్తారు. దాచడం వల్ల పెరిగే భయమే ఎక్కువ. శాటిలైట్ మెసెంజర్ ఉంటే రోజుకో వాక్యం ఇంటికి పంపే ఏర్పాటు పెట్టండి, మెసేజ్ ఒక రోజు అందకపోయినా కంగారు పడొద్దని అది కూడా ముందే చెప్పండి.

సంక్రాంతికి ఊరు గుర్తొచ్చి మనసు బరువెక్కుతుంది. ఆ వారం ఫీల్డ్ పడకుండా నవంబర్‌లోనే మీ బాస్‌ని అడగండి. అడిగితే చాలావరకు దొరుకుతుంది, ఎందుకంటే జనవరి మధ్యలో బయట పని ఎలాగూ తక్కువ. తొక్కి గట్టిపరిచిన మంచు మీద రంగులతో ముగ్గు వేస్తే గాలి లేని చలిలో రోజుల తరబడి చెక్కుచెదరదు. పక్కింటి పిల్లలని కూడా పిలవండి. చేసిన అరిసెలు కొన్ని ఫీల్డ్‌కి దాచుకోండి, బెల్లం, నెయ్యి చలిలో మంచి శక్తి. జేబులో లోపలి వైపు పెట్టుకోవాలి, బయట పెడితే పళ్ళు విరుగుతాయి.

7. నిద్ర, వెలుతురు, మనసు

పొద్దున్నే అరగంట 10,000 లక్స్ దీపం ముందు కూర్చుని టిఫిన్ చేయండి. దాని ఎదుట కళ్ళు తెరిచి ఉంటే చాలు, దీపంలోకే చూడక్కర్లేదు. కంటి జబ్బో, బైపోలార్ సమస్యో ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగాలి. ఈ అక్షాంశంలో చలికాలపు ఎండతో చర్మం విటమిన్ డి తయారుచేయలేదు కాబట్టి రక్తపరీక్ష చేయించి డాక్టర్ చెప్పిన మోతాదు వాడండి. మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని ఒంట్లో వేడి బయటికి పోతుంది. పార్టీ నుంచి నడిచి ఇంటికి వెళ్ళే రాత్రి ఇది గుర్తుంచుకోండి.

రెండు వారాలు వరసగా ఏదీ చేయాలనిపించకపోతే, నిద్ర విపరీతంగా పెరిగితే, మనుషుల్ని తప్పించుకు తిరుగుతుంటే, దాన్ని అలసట అని కొట్టిపారేయకండి. చలికాలంలో వచ్చే డిప్రెషన్‌ని వైద్యశాస్త్రం 1984 నుంచి పేరుపెట్టి గుర్తిస్తోంది, దానికి చికిత్స ఉంది. విద్యార్థులైతే యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. మానసిక సంక్షోభంలో సాయం చేసే 988 హెల్ప్‌లైన్‌కి అమెరికాలో ఎక్కడి నుంచైనా ఫోన్ చేయొచ్చు, ఏ వేళైనా. మీ రూమ్మేట్ అలా ఉంటే, మీరే పక్కన కూర్చుని ఫోన్ కలపండి.

8. ఫిబ్రవరి వస్తే తగ్గించండి

పెద్ద ట్రిప్పులకు ముందు, ఫిబ్రవరి మొదటి వారంలో ఒక సాయంత్రం కూర్చుని మీ సరదాల్లో ఒక్కటే ఉంచుకోండి. మిగతావాటికి "ఏప్రిల్ దాకా రాను" అని నోరారా చెప్పండి. చెప్పకుండా మాయమైతే మళ్ళీ వెళ్ళడానికి మొహమాటం, చెప్పి ఆగితే ఎప్పుడైనా వెళ్ళొచ్చు. ఆదివారం భోజనం మాత్రం ఆపకండి, రెండు వారాలకోసారి అయినా సరే. ఊళ్ళో ఉన్న వారాంతాల్లో కొత్తగా ఏదీ ప్లాన్ చేయకుండా, ఉన్నదాంట్లోకే వెళ్ళండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊళ్ళో ప్రపంచ ఐస్ శిల్పాల పోటీ జరుగుతుంది. ఒక సాయంత్రంలో చూసి రావచ్చు, స్నేహితులందరినీ ఒకేచోట కలవడానికి సులువైన సాకు. ఇంకొంచెం తీరిక ఉంటే ఊరికి వంద కిలోమీటర్ల దూరంలో చెనా వేడినీటి బుగ్గలున్నాయి. ట్రిప్ నుంచి వచ్చిన మర్నాడు కాకుండా దాని తర్వాతి రోజు వెళ్ళండి, పోనూ రానూ మంచు రోడ్డు మీద డ్రైవింగే.

నెనానా ఊళ్ళో తనానా నది ఐస్ ఏ రోజు, ఏ నిమిషానికి విరుగుతుందో ఊహించి టికెట్ కొనే పందెం 1917 నుంచి నడుస్తోంది. ఐస్ ఎక్కువగా ఏప్రిల్ చివరి నుంచి మే మధ్యలో కదులుతుంది, టికెట్లు మాత్రం ఏప్రిల్ మొదటి వారం దాకే అమ్ముతారు. అప్పటికి మీరు ఫీల్డ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. అందుకని మార్చి ట్రిప్‌కి వెళ్ళేముందే ఆదివారం భోజనానికి వచ్చేవాళ్ళందరి ఊహలూ ఒక కాగితం మీద రాయించి, టికెట్లు కొనే పని ఊళ్ళో ఉండేవాళ్ళకి అప్పగించండి.